పేరుకే నల్లతల: చలికాలంలో గల్స్, బాతులు గుర్తుపట్టడం ఎలా

జనవరి ఉదయం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద బండి ఆపితే రెండు పక్కలా పులికాట్ సరస్సే. ఆగినవాళ్ల చూపంతా ఫ్లెమింగోల మీద ఉంటుంది. వాటికి కాస్త ఇవతల, బురద మిట్ట మీద, గాలికి ఎదురుగా ముఖాలు పెట్టి వరసగా నిలబడ్డ తెల్లటి పక్షుల్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. అవి గల్స్, మన వాడుకలో సముద్రపు కాకులు. కొత్తగా బైనాక్యులర్ కొన్న మనిషి వాటిని చూసి, సంచిలోంచి పక్షుల పుస్తకం తీస్తాడు. పుస్తకంలో ఒకటి నల్లతల గల్, ఇంకొకటి గోధుమతల గల్. ఎదురుగా ఉన్న వంద పక్షుల్లో ఒక్కదానికీ నల్ల తల లేదు, గోధుమ రంగు తలా లేదు. అన్నిటికీ తెల్ల తలే, కంటి వెనక కాటుక చెదిరినట్టు ఒక మచ్చ, అంతే.

పుస్తకం తప్పు కాదు, పక్షీ తప్పు కాదు. పుస్తకంలో పెద్దగా వేసిన బొమ్మ గుడ్లు పెట్టే కాలంలోని వేషం. మన దగ్గరికి అవి ఆ వేషం విప్పేసి వస్తాయి. పెళ్లి ఫోటో చేతికిచ్చి, పొలంలో నాట్లు వేస్తున్న మనిషిని గుర్తుపట్టమన్నట్టు ఉంటుంది ఆ పని. చలికాలంలో నీటి పక్షుల్ని గుర్తుపట్టడంలో వచ్చే చిక్కుల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి. రంగు కంటే ముందు నెల చూడాలి. నెల తర్వాత ఆకారం, ముక్కు, తిండి తినే తీరు చూడాలి. రంగు సంగతి చివర్న.

ఇందులో ఒక తమాషా ఉంది. బాతుల లెక్క గల్స్ లెక్కకు సరిగ్గా తలకిందులు. దసరా, దీపావళి మధ్య మన చెరువుల్లో దిగే వలస బాతుల గుంపులో దాదాపు అన్నీ మట్టి రంగులో, ఆడామగా తేడా లేకుండా ఉంటాయి. సంక్రాంతి నాటికి మగవాటికి పూర్తి రంగులు వచ్చేస్తాయి. గల్స్ మాత్రం సంక్రాంతికి కూడా బోడి తలతోనే ఉంటాయి. శివరాత్రి దగ్గర పడ్డాక ఒక్కొక్క తలా రంగు తేలడం మొదలవుతుంది. టోపీ పూర్తయ్యేసరికి, ఉగాది ముందో వెనకో, అవి ప్రయాణానికి సిద్ధం.

ఈ తేడాకి కారణం జత కట్టే చోటు. చాలా బాతులు చలికాలపు మకాంలోనే, అంటే మన చెరువుల్లోనే, జత కుదుర్చుకుంటాయి. పెట్ట తను పుట్టిన చోటికి తిరిగి వెళ్తుంది, మగది దాని వెంట పోతుంది. ఒక రకంగా ఇల్లరికం. అందుకే మగదానికి రంగులు అవసరమయ్యేది డిసెంబర్, జనవరి నెలల్లో. జత కుదిరి, పెట్ట గుడ్ల మీద కూర్చున్నాక మగది రంగుల ఈకలు రాల్చేస్తుంది. అప్పుడే రెక్కల్లోని పెద్ద ఈకలు కూడా ఒకేసారి రాలిపోయి, మూడు నాలుగు వారాలు అసలు ఎగరలేదు. ఎగరలేని పక్షికి ఆ సమయంలో రంగులు ప్రాణం మీదకు తెస్తాయి కాబట్టి పెట్టలాంటి మట్టి రంగు వేసుకుంటుంది. ఇంగ్లీషులో దీన్ని ఎక్లిప్స్ అంటారు, గ్రహణం అన్నమాట. గ్రహణం పూర్తిగా వీడకముందే మన దగ్గరికి వస్తాయి కాబట్టి అక్టోబర్‌లో అన్నీ పెట్టల్లా కనిపిస్తాయి. గల్స్ అలా కాదు. అవి జత కట్టేది గూళ్ల దగ్గర, మన తీరానికి వేల కిలోమీటర్ల అవతల. ఇక్కడ ఉన్నంతకాలం వాటికి అలంకారంతో పని లేదు.

ముందు నీళ్లు, తర్వాత బాతులు

ఏ చెరువులో ఏ బాతు ఉంటుందో నీటి లోతును బట్టి సగం చెప్పేయొచ్చు. బాతుల్లో రెండు తీరులు. ఒకటి తోక ఆకాశానికి ఎత్తి, తల నీళ్లలో ముంచి, తలకిందులుగా మేసేది. ఇంకొకటి పూర్తిగా మునిగి అడుగున తిని, ఇంకో చోట తేలేది. మొదటి రకానికి పరజ, అంటే లోతు తక్కువ నీళ్లు, చాలు. చిన్నదైన టీల్‌కి జానెడు నీళ్లు సరిపోతాయి, పొడుగు మెడ ఉన్న సూదితోక బాతు మూరెడు నీళ్లలో అడుగు అందుకోగలదు. రెండో రకానికి లోతు కావాలి. లేచేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది. మేత బాతులు ఉన్న చోటనుంచే నిట్టనిలువుగా గాల్లోకి లేస్తాయి. మునక బాతుల కాళ్లు బాగా వెనక ఉంటాయి, అందుకని నీటి మీద కొంతదూరం పరిగెత్తితే గానీ లేవలేవు. ఎంత దూరంలో ఉన్నా, ఎండ కళ్లలో కొడుతున్నా, ఈ ఒక్క గుర్తుతో గుంపును రెండుగా విడగొట్టొచ్చు.

చెరువులో నీళ్ల సంగతి తెలిసిన రైతు ఈ విషయంలో పక్షి ప్రేమికుడికంటే ముందుంటాడు. వానాకాలంలో అలుగు పారిన చెరువు నవంబర్‌లో నిండుగా ఉంటుంది. తెలంగాణలో అయితే మత్తడి దూకిందంటారు. అప్పుడు మేత బాతులు చెరువు నడుమ కాకుండా అంచుల్లో, తుంగ దగ్గర ఉంటాయి. యాసంగి నాట్లకి తూము తీశాక నీళ్లు దిగుతాయి, శిఖం భూమి బయటపడుతుంది, బురద అంచు రోజురోజుకీ లోపలికి జరుగుతుంది. ఆ అంచు మీదే టీల్, సూదితోక, షోవెలర్ బారులు తీరతాయి. ఎండాకాలం దాకా నీళ్లు దిగని చెరువు చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ మేత బాతులకి అందులో పని తక్కువ.

కొల్లేరు కథలో సగం ఇదే. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. ఉప్పుటేరు నీళ్లను సముద్రానికి తీసుకుపోతుంది. నీళ్లు పెరుగుతూ తరుగుతూ ఉండే పరజ సరస్సు కాబట్టే అన్ని పక్షులు వచ్చేవి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో సరస్సును ఆక్రమించి తవ్విన చేపల చెరువుల గట్లు పెద్దఎత్తున తెగ్గొట్టారు. చేపల చెరువులో నీళ్లకి కొదవ లేదు. కానీ గట్లు నిటారుగా, నీళ్లు లోతుగా, అంచు అన్నదే లేకుండా ఉంటుంది. చేపలు తినే గూడబాతులకి (పెలికాన్లకి) అది పనికొస్తుంది. గింజలు, గడ్డి దుంపలు, బురద పురుగులు ఏరుకు తినే టీల్‌కి అక్కడ కాలు పెట్టే చోటు లేదు. కొల్లేటికి ఎన్ని పక్షులు వచ్చాయి అని అడగడం కంటే ఎంత పరజ మిగిలింది అని అడగడం మేలు.

ఆకుపచ్చ తల అంటే ఏది?

ఇంటర్నెట్‌లో బాతు అని వెతికితే ముందు వచ్చేది మల్లార్డ్. మెరిసే ఆకుపచ్చ తల, మెడకు తెల్లటి కంటె. కొత్తవాళ్లు మన చెరువులో ఆకుపచ్చ తల కనపడగానే మల్లార్డ్ అని రాసేసుకుంటారు. ఉత్తర భారతానికి మల్లార్డ్ మామూలే గానీ దక్షిణాదిలో అరుదు. మన దగ్గర ఆకుపచ్చ తల అంటే నూటికి తొంభై తొమ్మిది సార్లు షోవెలర్. ముక్కు చూస్తే ఇక అనుమానం ఉండదు. చివర వెడల్పై అచ్చం అన్నం గరిటెలా ఉంటుంది. మగదానికి తెల్లటి రొమ్ము, పక్కల ఇటుక రంగు. ఇవి కొన్ని కలిసి గుండ్రంగా తిరుగుతూ, ఒకదాని వెనక ఒకటి ముక్కులు నీటి పైన ఆనించి జల్లెడ పడుతూ పోతుంటాయి. ఇంత లక్షణంగా తిండి తినే బాతు మన చెరువుల్లో ఇంకొకటి లేదు. మరి పొలాల్లో వందల కొద్దీ తోలుకెళ్లే బాతుల మందలో ఆకుపచ్చ తలలు కనపడతాయే అంటే, అవి పెంపుడువి. వాటి పూర్వీకులు మల్లార్డ్‌లే.

సూదితోక బాతును గుర్తుపట్టడం తేలిక. సన్నటి పొడుగు మెడ, మగదానికి చాక్లెట్ రంగు తల, మెడ పక్కగా పైకి పాకిన తెల్లగీత, సూదిలాంటి తోక. టీల్ మన కాకికంటే చిన్నది. మగదాని తల ఎర్రమట్టి రంగు, కంటి చుట్టూ ఆకుపచ్చ పట్టీ, తోక కింద రెండు పక్కలా పసుపు అద్దినట్టు మచ్చలు. దూరం నుంచి కంటి పట్టీ కనబడదు, ఈ పసుపు మాత్రం కనిపిస్తుంది. విజియన్ గుండ్రటి ఎర్రతల బాతు, నుదుటి మీద మీగడ రంగు నామం. అది ఈలేసినట్టు అరుస్తుంది. గడ్వాల్ మగది బూడిద రంగులో ఏ ఆర్భాటమూ లేకుండా ఉంటుంది, వెనక భాగం మాత్రం నల్లగా మసి పూసినట్టు. ఎగిరితే రెక్కలో తెల్లటి చదరం. మునక బాతుల్లో పోచార్డ్‌కి ఎర్ర తల, నల్ల రొమ్ము, బూడిద వీపు. ప్రపంచవ్యాప్తంగా దీని సంఖ్య తగ్గిపోతుండడంతో 2015లో ప్రమాదం అంచున ఉన్న జాతుల్లో చేర్చారు. టఫ్టెడ్ బాతుకి తల వెనక జారిన జుట్టు, నల్లటి ఒళ్లు, పక్కల తెలుపు.

గార్గనీ దగ్గర మాత్రం క్యాలెండర్ కూడా మోసం చేస్తుంది. వలస బాతుల్లో అందరికంటే ముందు వచ్చేది ఇదే, ఆగస్టు చివర్లోనే దిగే గుంపులున్నాయి. కానీ గ్రహణం వీడేది అందరికంటే చివర్న. మగదాని కంటి మీద మెడ దాకా వంగిన తెల్లటి కనుబొమ చూసి గుర్తుపట్టాలని పుస్తకం చెబుతుంది. ఆ కనుబొమ చాలా వాటికి ఫిబ్రవరి దాకా రాదు. అప్పటివరకూ రెక్క ముందు భాగంలోని నీలి బూడిద రంగు చూడాలి, అది గ్రహణంలో కూడా పోదు. పక్షి ఎగిరితేనే కనిపిస్తుంది. అందుకని వాటిని లేపడానికి రాయి విసిరే మహానుభావులు కూడా ఉన్నారు. అది చేయకూడని పని. కాసేపు ఓపిక పడితే ఒక గద్ద రాకుండా ఉండదు, గద్ద వస్తే గుంపంతా అదే లేస్తుంది.

పెట్టల దగ్గరికి వచ్చేసరికి చాలామంది పుస్తకం మూసేస్తారు. అన్నీ ఒకే గోధుమ రంగు, అన్నిటికీ పొలుసుల్లాంటి చారలు. ఇక్కడ ముక్కు, ముఖం కాపాడతాయి. గరిటె ముక్కుంటే షోవెలర్ పెట్ట. సన్నటి మెడ, బూడిద ముక్కు ఉంటే సూదితోక. ముక్కు పక్కలు నారింజ రంగైతే గడ్వాల్. ముఖం మీద అడ్డంగా చారలుండి, ముక్కు మొదట్లో తేటమచ్చ ఉంటే గార్గనీ. ముఖం సాదాగా ఉండి, తోక మొదట్లో పక్కగా తెల్లటి గీత కనిపిస్తే టీల్. ఇంకో ఉపాయం కూడా ఉంది. జనవరిలో పెట్ట ఒంటరిగా ఉండదు, పక్కన మగది ఉంటుంది. జత కుదిరేది ఇక్కడే అన్నాం కదా, పక్కనున్న పెళ్లికొడుకును చూసి పెళ్లికూతుర్ని గుర్తుపట్టొచ్చు. తొంభై శాతం పనిచేస్తుంది, మిగతా పది శాతంలో పప్పులో కాలేస్తాం.

వలస వచ్చినవి, ఏడాదంతా ఇక్కడే ఉండేవి అనే తేడా కూడా మనసులో పెట్టుకోవాలి. మచ్చముక్కు బాతు మన స్థానికుడు. నల్ల ముక్కుకి పసుపు కొస, ముక్కు మొదట్లో ఎర్రచుక్క. ఈల బాతులు కూడా ఇక్కడివే. పగలంతా చెరువు నడుమో చెట్ల మీదో ఉండి, చీకటి పడ్డాక ఈలలు వేసుకుంటూ పొలాలకి పోతాయి. ఇక నల్లగా గుండ్రంగా, నుదుటి మీద తెల్ల నామంతో వందల్లో తేలే బొల్లికోడి అసలు బాతే కాదు. దాని కాళ్లకి బాతులా పొర ఉండదు, వేళ్లకి ఆకుల్లాంటి రేకులుంటాయి. చూస్తుండగానే బుడుంగున మునిగి ఎక్కడో తేలే బుడుబుంగ కూడా బాతుల లెక్కలోది కాదు. బాతుల సంఖ్య ఊరికే పెరిగిపోవడంలో ఈ రెంటికీ పెద్ద వాటా ఉంది.

జక్కవ సంగతి వేరు. తెలుగు చదువుకున్నవాళ్లలో జక్కవ జంట రాత్రి విడిపోయి ఏడుస్తుందని పద్యాల్లో చదవనివాళ్లు తక్కువ, పక్షిని చూసినవాళ్లు అంతకంటే తక్కువ. నారింజ గోధుమ ఒళ్లు, పాలిపోయిన తల, ఎగిరితే రెక్కల్లో మెరిసే తెలుపు. లదాఖ్ ఎత్తుల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి మన నదుల ఇసుక తిన్నెల మీదకి, పెద్ద జలాశయాల ఒడ్డుకి జంటలుగా వస్తుంది. రాత్రిళ్లు ఎడంగా మేస్తూ ఒకదాన్నొకటి పిలుచుకోవడం నిజమే, విరహమే కవులు కల్పించుకున్నది. హంస కూడా ఇలాంటిదే. కావ్యాల్లోని హంస చారలతల బాతే అని కొందరు పండితుల వాదన. తెల్లటి తల వెనక రెండు నల్లటి అడ్డచారలుంటాయి దీనికి. టిబెట్, మంగోలియా, లదాఖ్ సరస్సుల నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ట్రాకర్లు కట్టి చూసినప్పుడు ఒకటి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు తేలింది. మంగోలియాలో మెడపట్టీలు వేసిన బాతులు దక్షిణ భారత చెరువుల్లో కనిపించిన దాఖలాలున్నాయి. కవులు మాత్రం హంసల్ని వానాకాలం మొదట్లో మానస సరోవరానికి పంపిస్తారు. అసలు బాతులు అంతవరకూ ఆగవు, వేసవి ముదరకముందే వెళ్లిపోతాయి.

సముద్రపు కాకుల అసలు ఊరు

గోధుమతల గల్ పుట్టిల్లు కూడా ఆ ఎత్తు సరస్సులే. సముద్రమట్టానికి దాదాపు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న లదాఖ్ త్సో మొరిరి సరస్సులో చారలతల బాతూ, ఈ గల్లూ ఇరుగుపొరుగు. చలికాలం రాగానే ఒకటి కిందికి దిగి చెరువుల వెంట పోతుంది, ఇంకొకటి ఎక్కువగా సముద్రం పట్టుకుంటుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలు తిరిగొచ్చే వేళ వలల చుట్టూ గోల చేసే తెల్లటి గుంపులో ఎక్కువ భాగం ఇవే. కాకినాడ దగ్గర కుంభాభిషేకం రేవు బురద పర్రల్లో కూడా వీటిదే పైచేయి. సముద్రపు కాకి అని పేరు పడింది గానీ పుట్టింది మాత్రం మంచుకొండల నడుమ, సముద్రపు గాలి కూడా సోకని చోట.

నల్లతల గల్ దీనికంటే కొంచెం చిన్నది, కొంచెం సన్నటి ముక్కు. పక్కపక్కన నిలబడితే తప్ప ఈ ‘కొంచెం’ అక్కరకు రాదు. రెంటికీ ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్లు, కంటి వెనక మచ్చ. నిలబడ్డప్పుడు కన్ను చూడాలి. ఎదిగిన గోధుమతల గల్‌కి పాలిపోయిన కన్ను, దానివల్ల చూపు కాస్త కోపంగా ఉన్నట్టు అనిపిస్తుంది. నల్లతల గల్ కన్ను నల్లగా, సాధువుగా ఉంటుంది. ఎగిరినప్పుడైతే గొడవే లేదు. గోధుమతల గల్ రెక్క కొస నల్లగా ఉండి, ఆ నలుపులో రెండు తెల్ల చుక్కలుంటాయి. పక్షులు చూసేవాళ్లు వాటిని అద్దాలంటారు. నల్లతల గల్ రెక్కకి ముందు అంచు పొడవునా తెల్లటి త్రికోణం, కొసలకి మాత్రం సన్నటి నలుపు, అద్దాలుండవు. అన్నట్టు, వేసవి వేషంలో కూడా నల్లతల గల్ తల నలుపు కాదు, ముదురు కాఫీ రంగు. గోధుమతల గల్‌ది అంతకంటే లేత గోధుమ, అంచున మాత్రం ముదురు. పేరు పెట్టినవాళ్లు రెండింటికీ ఒకటే రంగని ఒప్పుకోవడం ఇష్టం లేక ఇలా పంచి ఉంటారు.

అసలు కష్టం ఏడాది లోపు పిల్లలతో. రెక్కల మీద గోధుమ రంగు పట్టీలు, తోక చివర నల్లటి అంచు, ముక్కు ఎర్రగా కాకుండా పసుపు నారింజ, కొస నలుపు. గోధుమతల గల్ పిల్లకి అద్దాలుండవు, కన్ను కూడా నల్లగానే ఉంటుంది. పైన చెప్పిన రెండు గుర్తులూ ఒకేసారి చెయ్యిచ్చేస్తాయి. అయినా రెక్క కొస అంతా ఒకే నలుపుగా ఉందా, ముందు అంచున తెలుపు కొస దాకా పాకిందా అన్నది చూడొచ్చు. ఫోటో తీసి ఇంటికెళ్లి నిదానంగా చూసుకోవడానికి గల్స్ అంత అనువైన పక్షులు లేవు. తల మీదుగా పోతుంటే వరసగా పది ఫోటోలు తీస్తే ఒక్కదాంట్లోనైనా రెక్క పూర్తిగా తెరుచుకుని దొరుకుతుంది.

పెద్ద గల్స్‌లో పల్లాస్ గల్‌కి ఎవరితోనూ పోలిక లేదు. గద్దకంటే పెద్దది, వాలిన నుదురు, లావాటి పసుపు ముక్కుకి నల్లటి అడ్డపట్టీ. చలికాలంలో కంటి చుట్టూ మసక ముసుగు, కంటికి పైనా కిందా తెల్లటి అర్ధచంద్రాలు. చిన్న గల్స్ రెండో చలికాలానికి పెద్దవాటిలా అయిపోతే దీనికి నాలుగేళ్లు పడుతుంది. కాబట్టి ఒకే గుంపులో నాలుగు రకాల వేషాలు కనిపిస్తాయి, నాలుగు జాతులనుకుని కంగారుపడేవాళ్లుంటారు. అన్నిటికంటే ముందు టోపీ పెట్టేది కూడా ఇదే. ఫిబ్రవరిలో నిగనిగలాడే నల్ల తలతో పెద్ద గల్ కనిపిస్తే అది పల్లాస్. నల్లతల అన్న పేరు నిజానికి దీనికే సరిపోతుంది.

ముదురు బూడిద వీపు, పసుపు కాళ్లు, చలికాలంలో మెడ వెనక సన్నటి గీతలు ఉన్న పెద్ద గల్ కనిపిస్తే అది హ్యూగ్లిన్స్ గల్ కావచ్చు. రష్యా ఉత్తరాన టండ్రాల్లో పుడుతుంది. ఒక జాబితాలో వేరే జాతిగా, ఇంకో జాబితాలో లెస్సర్ బ్లాక్ బ్యాక్డ్ గల్‌లో ఉపజాతిగా ఉంటుంది. దీనికి దగ్గరి చుట్టం స్టెప్ గల్ వీపు కొంచెం లేత. ఈ ‘కొంచెం’ దగ్గర పండితులే తగవులు పడుతుంటారు. మబ్బు పట్టిన రోజు లేత వీపు ముదురుగా కనిపిస్తుంది, మిట్టమధ్యాహ్నం ముదురు వీపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. గుంపులో పక్కనున్న వాటితో పోల్చి చూడటం తప్ప వేరే దారి లేదు. వీటి కింది ముక్కు మీద ఎర్రచుక్క ఉంటుంది. ఇలాంటి చుక్కే ఉన్న హెర్రింగ్ గల్ పిల్లలు ఆ చుక్కను పొడిచి తల్లిదగ్గర తిండి అడుక్కుంటాయని జంతువుల ప్రవర్తన మీద పరిశోధించిన శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్ ప్రయోగాలు చేసి చూపించాడు. 1973లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయనొకరు.

చెరువుల మీద ఎగిరే తెల్లటి పక్షులన్నీ గల్స్ కావు. కొల్లేటి మీదా, హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల మీదా సన్నటి వాడి రెక్కలతో, తల కిందికి వంచి నీటిని వెతుక్కుంటూ ఎగిరేవి టెర్న్‌లు. గల్ నింపాదిగా రెక్కలాడిస్తుంది, నీటి మీద కూర్చుంటుంది, తిండి ఎక్కడున్నా దిగుతుంది. టెర్న్ తేలికగా ఊగిసలాడుతూ ఎగిరి, మధ్యలో ఆగి, కిందికి దూకుతుంది. నీటి మీద తేలుతూ కూర్చోవడం దానికి పెద్దగా అలవాటు లేదు.

వెలుతురు, లెక్క, ఫోన్

పరికరాల గురించి అనవసరమైన టెన్షన్ ఎక్కువ. ఎనిమిది రెట్లు పెంచి చూపే, 42 మిల్లీమీటర్ల అద్దం ఉన్న బైనాక్యులర్ మన చెరువులకి చాలు. పన్నెండు రెట్లది చేతిలో వణుకుతుంది. పులికాట్‌లాంటి విశాలమైన చోట స్టాండు మీద పెట్టే స్కోప్ ఉంటే మంచిదే, కానీ ఎండెక్కాక ఏ స్కోపూ పనిచేయదు. తొమ్మిది, తొమ్మిదిన్నర దాటితే నీటి మీద గాలి మరిగి పక్షులన్నీ కరిగిపోతున్నట్టు కనిపిస్తాయి. డెల్టా ప్రాంతంలో ధనుర్మాసం పొగమంచు ఎనిమిది దాకా వీడదు. ఈ రెంటి మధ్య దొరికే గంట, గంటన్నరే అసలు సమయం. సూర్యుడు వీపు వెనక ఉండేలా, ఉదయమైతే చెరువుకి తూర్పు గట్టు మీద నిలబడాలి. చాలా చెరువులకి దారి ఉన్న గట్టు ఒకటే కాబట్టి, ఏ చెరువుకి ఉదయం వెళ్లాలో, ఏ చెరువుకి సాయంత్రం వెళ్లాలో గట్టే నిర్ణయిస్తుంది.

హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు ఇందుకు మంచి బడి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ చెరువు చుట్టూ ఇప్పుడు అపార్ట్‌మెంట్లే. అలాంటి చోట పక్షులు మనుషులకి కొంత అలవాటుపడి దగ్గరగా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏడాదికి ఇరవై చెరువులు తిరగడం కంటే ఒకే చెరువుకి అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇరవై సార్లు వెళ్తే ఎక్కువ నేర్చుకుంటారు. ఒకే గుంపు గ్రహణం వీడటం కళ్లముందే జరుగుతుంది. మంజీర, ఉస్మాన్‌సాగర్ లాంటి జలాశయాల్లో దూరం ఎక్కువ. అక్కడ ఆకారం చూసి చెప్పడం అలవాటైనవాళ్లకే ఆనందం.

లెక్క పెట్టడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఏటా జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, 1987 నుంచి నడుస్తోంది. ఒక్కొక్కటీ లెక్కించడం కుదరని గుంపులో పది పక్షులు ఎంత మేర ఉన్నాయో చూసి, ఆ మేర గుంపులో ఎన్నిసార్లు పడుతుందో అంచనా వేస్తారు. కొత్తవాళ్ల లెక్క దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. గుంపు దట్టంగా ఉన్న చోట కన్ను మోసపోతుంది.

ఫోన్‌లోని మెర్లిన్ లాంటి యాప్‌లు ఫోటో చూసి పేరు చెబుతాయి. షోవెలర్, సూదితోక లాంటి వాటి మీద బాగానే చెబుతాయి. అక్టోబర్ బాతుల మీద, ఏడాది లోపు గల్స్ మీద యాప్ ధీమాగా చెప్పే పేరును ఒక సలహాగా తీసుకోవాలి తప్ప తీర్పుగా కాదు. చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా పెట్టేటప్పుడు ఏ గల్లో తేలకపోతే ఉత్త ‘గల్’ అని నమోదు చేసే వీలుంది. ఆ గడిని ఎక్కువగా వాడేవాళ్లు అనుభవం ఉన్నవాళ్లే కావడం గమనించాల్సిన విషయం.

ఏప్రిల్ వచ్చేసరికి చెరువులు ఖాళీ. గార్గనీలు మాత్రం కొన్నాళ్లు ఆలస్యంగా, అప్పటికి పూర్తయిన తెల్ల కనుబొమలతో కనిపిస్తాయి. మే నెల ఎండలో కూడా తీరంలో ఒకటీ అరా గల్ ఇసుక మీద నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది. గుడ్లు పెట్టే వయసు రాని పిల్లలు అవి, కొండలెక్కి వెళ్లడానికి ఇంకా తొందర లేదు. వాటి తల అప్పటికీ తెల్లగానే, అక్కడక్కడా రెండు మూడు గోధుమ ఈకలతో ఉంటుంది.